పెరటి కోడితో గుడ్లు పొదిగించి, పిల్లలను దక్కించుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా ఊరి పెరళ్లలో నాలుగైదు కోళ్లు లేని ఇల్లు అరుదు. పన్నెండు గుడ్లు పెడితే పదకొండు పిల్లలయ్యాయని సంబరపడటం, రెండు నెలలు తిరిగేసరికి మూడే మిగిలాయని దిగులుపడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అన్ని పిల్లలు పోవడం మామూలే అనుకుని ఊరుకోవడం నాకు నచ్చదు. వాటిలో చాలావరకు మనం కాపాడుకోగలిగినవే.

పెట్ట, గుడ్లు

గుడ్లు పెట్టడం ఆపేసి, గంపలోంచి లేవకుండా, దగ్గరికి వెళితే ఈకలు నిక్కబొడుచుకుని కసురుకునే పెట్టనే పొదగడానికి ఎంచుకోవాలి. రెండు రోజులు అలాగే కూర్చుంటే నమ్మవచ్చు. వనరాజా వంటి మెరుగుపరచిన రకాలు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లనైనా నాటు పెట్ట కిందే పెట్టాలి.

ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. గుడ్లు వారం రోజుల లోపువి కావాలి, ఎండాకాలంలో నాలుగైదు రోజులు దాటకూడదు. పగుళ్లున్నవి, మరీ చిన్నవి, మరీ పెద్దవి తీసేయండి. గుడ్డును కడగవద్దు. దాని మీద ఉండే సన్నని పొర పోతే సూక్ష్మక్రిములు లోపలికి చేరతాయి. సన్నని మొన కిందికి ఉండేలా ఇంట్లో చల్లని మూల దాచండి. రోహిణి కార్తె ఎండల్లో పొదిగించే ప్రయత్నం నేను మానుకున్నాను. కార్తీకం నుంచి ఫాల్గుణం వరకు మంచి కాలం.

గంప

వెడల్పాటి గంపలో అడుగున కాస్త బూడిద, దానిమీద పొడి ఎండుగడ్డి పరిచి మధ్యలో గుంట చేయాలి. బూడిద, వేపాకు ఉంటే పేల బాధ తగ్గుతుంది. పేలు ముసిరిన పెట్ట గుడ్లు వదిలి లేచిపోతుంది. మా అమ్మ ఉరుములకు గుడ్లు చెడిపోకూడదని ఒక ఇనుప ముక్క, బొగ్గు కూడా పెట్టేది. నేనూ పెడతాను, ఆమె చేతి అలవాటు కాబట్టి.

నాటు పెట్ట కింద పది నుంచి పన్నెండు గుడ్లు చాలు. అన్నింటినీ ఒకే రోజు, చీకటి పడ్డాక పెట్టాలి. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో గీత గీయండి. మిగతా పెట్టలు వచ్చి అదే గంపలో గుడ్లు పెట్టి పోతుంటాయి. గీత లేనిది కనిపిస్తే ఆ రోజే తీసేయాలి, లేకపోతే పిల్లలు వేర్వేరు రోజుల్లో బయటపడి పెట్ట ఎటూ తేల్చుకోలేక పోతుంది.

పెట్ట రోజుకు ఒకసారి లేచి తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి పదిహేను, ఇరవై నిమిషాల్లో వస్తుంది. కంగారు పడవద్దు. అసలు లేవని పెట్టనైతే రోజుకొకసారి మెల్లగా ఎత్తి గింజల దగ్గర దించాలి.

ఏడో రోజు రాత్రి

చీకటి గదిలో గుడ్డు లావు వైపు ఫోను టార్చి ఆనించి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. అంతా తేటగా ఉంటే అందులో పిల్ల లేదు. ఎర్రని వలయం ఒక్కటే ఉంటే మొదలై ఆగిపోయింది. ఆ రెండు రకాలనూ తీసేయాలి. మురిగిన గుడ్డు గంపలో పగిలితే మిగతా గుడ్లు కూడా పాడవుతాయి.

ఇంక్యుబేటర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. గాలి తిప్పే ఫ్యాను ఉన్న దానిలో 37.5 డిగ్రీల వేడి, 50 నుంచి 55 శాతం తేమ ఉండాలి. 18వ రోజు వరకు రోజుకు మూడుసార్లయినా గుడ్లు తిప్పి, ఆ తర్వాత తిప్పడం ఆపి, తేమను 65 శాతం దాటించాలి. ఇదంతా కరెంటు ఉంటేనే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా ఇంక్యుబేటర్‌లో ముప్పై గుడ్లు పదిహేనో రోజులో ఉన్నాయి. కరెంటు పోయింది, రోజులు గడిచినా రాలేదు. దుప్పట్లు చుట్టి చూశాం. పక్కింటి పెట్ట కిందకు చేర్చిన తొమ్మిదింటిలో ఆరు పిల్లలయ్యాయి. మిగతావన్నీ పోయాయి. కొద్ది గంటల చల్లదనాన్ని గుడ్లు తట్టుకుంటాయి, రోజులను తట్టుకోలేవు. పది, ఇరవై గుడ్లకు మాత్రం నేను పెట్టనే నమ్ముతాను.

21వ రోజు

గుడ్డుకు చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో లోపలి పొర నరాల్లోని రక్తం, మిగిలిన పచ్చసొన పిల్ల ఒంట్లోకి చేరుతుంటాయి. జాలిపడి ఒకసారి పెంకు ఒలిచాను. రక్తం కారి ఆ పిల్ల నా చేతిలోనే చనిపోయింది. అప్పటి నుంచి ఆ రోజంతా గంప జోలికే పోను.

మొదటి నెల

పచ్చసొన బలం మీద పిల్ల రెండు రోజులు తిండి లేకుండా ఉండగలదు. మొదట నీళ్లు పెట్టండి. లోతు తక్కువ పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునిగిపోవు. తర్వాత సన్న నూకలు, చోళ్లు (రాగులు). ఎదుగుదలకు మాంసకృత్తులు కావాలి, దానికి చెదలను మించినది మా వైపు లేదు. పాత కుండలో తడిపిన పేడ, ఎండుగడ్డి నింపి చెదలున్న చోట బోర్లించి ఉంచితే తెల్లారేసరికి నిండుతాయి. మందు కొట్టిన నేలలో మాత్రం పెట్టవద్దు.

మూడు, నాలుగు వారాల వరకు పిల్లలను పగలు తల్లితో సహా కంతలున్న గంప కింద ఉంచాలి. కాకి, గద్ద ఎక్కువగా ఎత్తుకుపోయేది ఆ వయసులోనే. జీడితోటలు ఆనుకుని ఉన్న ఇళ్లకు ముంగిస బెడద మరీ ఎక్కువ. అది చిన్న సందు దొరికినా దూరి ఒక్కసారికే గూడంతా చంపేస్తుంది. గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి, చుట్టూ సన్న కళ్ల ఇనుప జాలీ బిగించాలి, తలుపు గడియ రోజూ చేత్తో తడిమి చూడాలి. వానల్లో గూటిలోని ఊక తడిస్తే వెంటనే మార్చండి. తడి ఊకలోనే రక్తపు విరేచనాల జబ్బు పెరుగుతుంది.

టీకా

ముంగిస ఒక గూడును ఖాళీ చేస్తే కొక్కెర తెగులు వీధి మొత్తాన్ని ఖాళీ చేస్తుంది. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఆకుపచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, మెడ మెలితిరుగుతుంది. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 28వ రోజున మళ్లీ ఒకసారి, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. సూదికి వారం ముందు నులిపురుగుల మందు తాగించాలి.

టీకా సీసా చిన్నదే అయినా వందో, అంతకంటే ఎక్కువో కోళ్లకు సరిపడా వస్తుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్నవారు ఒక సీసా ఎందుకని వెనుకాడటం, తెగులు వచ్చాక ఏడవడం ఎన్నోసార్లు చూశాను. వీధిలో అందరూ ఒక తెల్లవారుజాము కుదుర్చుకోండి. పశువైద్యశాల నుంచి సీసాను ఐసు వేసిన ఫ్లాస్కులో తీసుకురండి. కోళ్లను ముందురోజు రాత్రే గూళ్లలో మూసి ఉంచితే గంటన్నరలో పని ముగుస్తుంది. ఆ రోజు నీరసంగా ఉన్న కోడికి టీకా వేయించవద్దు. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే వాటిని వండకుండా, పారేయకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.

తర్వాతి విడత

రెండు, మూడు నెలల్లో తల్లి పిల్లలను పొడిచి తరిమేస్తుంది. అప్పుడు లెక్క చూసుకోండి. సంక్రాంతికి ధర బాగుందని అన్నీ అమ్మేయకండి, పిల్లలను బాగా కాచిన తల్లిని అసలు అమ్మకండి. పుంజును మాత్రం మార్చాలి. ఒకే పుంజు కూతుళ్లతోనూ కలుస్తూ పోతే గుడ్లలో పిల్లలు తగ్గుతాయి, పుట్టినవీ బలహీనంగా ఉంటాయి. నేను పొరుగూరి బంధువులతో పుంజును మార్చుకుంటాను. వచ్చిన పుంజును మూడు వారాలు వేరే గంప కింద ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే మందలోకి వదులుతాను.