ప్లగిన్ ఫైలు అక్కడే ఉంది, స్టాటాలో మాత్రం లోడ్ కావడం లేదు

సమస్య: మీ మెషీన్‌లో చక్కగా నడిచిన స్టాటా (గణాంక విశ్లేషణ సాఫ్ట్‌వేర్) ప్లగిన్ వేరొకరి లైనక్స్ సర్వర్‌లో ‘కుడ్ నాట్ లోడ్ ప్లగిన్’ అని మొరాయిస్తుంది. ఆ మెసేజ్‌లో ప్లగిన్ పేరే ఉంటుంది కాబట్టి అందరం దాని మీదే పడతాం: పాత్ సరిచూస్తాం, పర్మిషన్లు మారుస్తాం. నేనైతే మూడుసార్లు మళ్లీ కంపైల్ చేశాను. తీరా చూస్తే దానికి తోడుగా రావాల్సిన లైబ్రరీ రాలేదు.

తేల్చుకోవడం: పేరు చివర ఏమున్నా ప్లగిన్ మామూలు షేర్డ్ లైబ్రరీయే (ప్రోగ్రామ్ నడుస్తుండగా లోడ్ అయ్యే కోడ్ ఫైలు). టెర్మినల్‌లో దాని మీద ఎల్‌డీడీ (కావాల్సిన లైబ్రరీలు దొరుకుతున్నాయో లేదో చూపే కమాండ్) నడపండి. జీఎస్ఎల్ (గణిత లెక్కల లైబ్రరీ) వాడి ఉంటే ‘లిబ్‌జీఎస్ఎల్.ఎస్ఓ.25 => నాట్ ఫౌండ్’ లాంటి లైను కనిపిస్తుంది. సర్వర్‌లో వెర్షన్ అంకె 27 ఉన్న ఫైలు ఉంది కదా అని దానికి 25 పేరుతో సిమ్‌లింక్ (అదే ఫైలుకు దారితీసే ఇంకో పేరు) పెట్టకండి. ఆ అంకె మారిందంటే పాత బైనరీకి కొత్తది సరిపోతుందన్న హామీ లేనట్టే. లోడ్ అయ్యాక ఎక్కడో క్రాష్ అయితే పట్టుకోవడం ఇంకా కష్టం.

కారణం: ప్లగిన్‌ను స్టాటా తన ఏడీఓ పాత్‌లో (స్టాటా తన ఫైళ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) వెతుకుతుంది. దానికి కావాల్సిన లైబ్రరీని వెతికేది మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్. ఆ సిస్టమ్‌కు ఏడీఓ పాత్ సంగతే తెలీదు. స్టాటా నడుస్తుండగా ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) మార్చినా లాభం లేదు, లోడర్ (లైబ్రరీలను లోడ్ చేసే సిస్టమ్ భాగం) దాన్ని ప్రోగ్రామ్ మొదలైనప్పుడే చదివేస్తుంది.

పరిష్కారం: వీలైతే స్టాటిక్‌గా లింక్ చేసి (లైబ్రరీ కోడ్‌ను ప్లగిన్‌లోనే కలిపేసి) ఒకే ఫైలు పంపండి. ఆ స్టాటిక్ లైబ్రరీని ఎఫ్‌పిక్ ఆప్షన్‌తో (మెమరీలో ఎక్కడ లోడైనా నడిచే కోడ్ ఇచ్చేది) కంపైల్ చేసి ఉండాలి. జీఎస్ఎల్ లైసెన్స్ జీపీఎల్ (పంచితే సోర్స్ కూడా ఇవ్వమనేది), పంచేముందు అదీ చూసుకోండి.

విడిగానే పంపాల్సి వస్తే లింక్ చేసేటప్పుడు ఆర్‌పాత్‌గా (లైబ్రరీని ఎక్కడ వెతకాలో ప్లగిన్‌లోనే రాసి ఉంచే దారి) $ఆరిజిన్ ఇవ్వాలి (ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో). ప్లగిన్ ఉన్న ఫోల్డర్ అని దాని అర్థం. ఇక్కడో మెలిక ఉంది. నెట్ ఇన్‌స్టాల్ కమాండ్‌తో ప్యాకేజీ పెడితే స్టాటా ఫైళ్లను మొదటి అక్షరాన్ని బట్టి సర్దుతుంది. ‘కే’తో మొదలయ్యే ప్లగిన్ ప్లస్ (ఇన్‌స్టాల్ చేసినవి పెట్టే ఫోల్డర్) కింద ‘కే’ ఫోల్డర్‌లోకి, ‘లిబ్’ ఫైలు ‘ఎల్’ ఫోల్డర్‌లోకి పోతాయి. రెండూ పక్కపక్కన ఉండవు! అందుకే $ఆరిజిన్/../ఎల్ కూడా చేర్చండి, లేదా లైబ్రరీ పేరును ప్లగిన్ మొదటి అక్షరంతోనే మొదలయ్యేలా పెట్టి బిల్డ్ చేయండి. ప్యాకేజీ ఫైల్లో (ఇన్‌స్టాల్ చేయాల్సిన ఫైళ్ల జాబితా) లైబ్రరీ లైను మొదట్లో చిన్న ‘జీ’ బదులు పెద్ద ‘జీ’ వాడండి, లేకపోతే అది యూజర్ ఉన్న ఫోల్డర్‌లో పడొచ్చు.

విండోస్‌లో ఆర్‌పాత్ లాంటిది లేదు. డీఎల్ఎల్‌ను ప్లగిన్ పక్కన పెట్టినంత మాత్రాన దొరుకుతుందని నమ్మకం లేదు. అక్కడ నేను స్టాటిక్ తప్ప వేరే దారి జోలికి పోను.

అన్నీ చేసినా ‘నాట్ ఫౌండ్’ అనే వస్తోందా? రీడ్ఈఎల్ఎఫ్ కమాండ్‌తో ప్లగిన్‌లోని ఆర్‌పాత్ చూడండి. డాలర్ గుర్తును షెల్ మింగేసి ఉంటుంది. సింగిల్ కోట్స్‌లో పెట్టండి, మేక్‌ఫైల్లో అయితే డాలర్ కూడా రెండుసార్లు రాయండి.