కారు కూలెంట్‌ను ఎలా చూసుకోవాలి?

ఒంగోలులో నీళ్లు గడ్డకట్టేది ఐస్ ఫ్యాక్టరీలోనే. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌కు యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టనివ్వనిది అని మరో పేరు. అందుకే ‘మనకు యాంటీఫ్రీజ్ దేనికి?’ అంటూ కొందరు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసేస్తారు. పేరు చూసి మోసపోవడమే ఇది. కూలెంట్‌లోని గ్లైకాల్ నీటిని 100 డిగ్రీల దగ్గరే మరిగిపోనివ్వదు. అందులో కలిపిన రసాయనాలు లోపల తుప్పు పట్టనివ్వవు. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో ఏసీ వేసుకుని కావలి నుంచి నెల్లూరు వెళ్లే కారుకు ఈ రెండూ కావాలి.

ఉదయం బండి కదలకముందు, చదునైన చోట బానెట్ ఎత్తండి. గీతలున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ కింది గీతకూ పై గీతకూ మధ్య ఉంటే మూత ముట్టుకోనక్కరలేదు. దగ్గరలోనే అద్దం కడిగే నీళ్ల డబ్బా కూడా ఉంటుంది. తడబడి అందులో కూలెంట్ పోసిన మహానుభావులూ ఉన్నారు.

ఇంజిన్ వేడిగా ఉండగా మూత తిప్పవద్దు. ఒత్తిడిలో ఉన్న ద్రవం ఎగజిమ్మి ముఖం కాలుస్తుంది. పూర్తిగా చల్లారాక మందపాటి గుడ్డ వేసి మెల్లగా తీయండి.

మట్టం తగ్గితే కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. పచ్చదా, గులాబీదా అని రంగు చూసి కొనవద్దు. ఒకే రంగులో వేర్వేరు రకాలు వస్తాయి. డబ్బా మీద నీళ్లు కలపాలని ఉంటే సాధారణంగా సగానికి సగం లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్ కలుపుతారు. చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, వేడిని మోసుకుపోవడంలో గ్లైకాల్ కంటే నీళ్లే మేలు.

ఇక నీళ్ల సంగతి. ప్రకాశం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటర్ సన్నని గొట్టాల్లో కడితే ఏమవుతుందో ఊహించుకోండి. వాటర్ ప్లాంట్ క్యాను నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటర్ కావు. బ్యాటరీ దుకాణంలో అడిగితే దొరుకుతుంది. దారిలో వేరే గతి లేక మంచినీళ్లు పోసినా, ఇల్లు చేరాక మెకానిక్‌తో అంతా మార్పించండి.

నింపిన కొద్దీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. గొట్టాల అతుకులు, వాటర్ పంపు చూపించండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే అందులో కూలెంట్ కలుస్తున్నట్టు, బండి అసలు నడపవద్దు.

నేల మీద ఒలికినది వెంటనే తుడిచి కడగండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్దిపాటిది కూడా వాటి ప్రాణం తీస్తుంది.