ఊరి నుంచి చెన్నైకి గుండెపోటు రోగి: మార్గదర్శకాలు తెలిసి ఏమి అడగాలి

నెల్లూరు వైపు ఊళ్లలో పెద్దవారికి తీవ్రమైన గుండెపోటు వస్తే, చెన్నైలో స్థిరపడిన పిల్లలు ఫోన్‌లో మొదట చెప్పే మాట "వెంటనే కారెక్కించి ఇక్కడికి తీసుకురండి" అన్నదే. వైద్య మార్గదర్శకాలు మాత్రం ముందు ఈసీజీ తీయమంటాయి, అదీ వైద్య సిబ్బంది రోగిని చూసిన 10 నిమిషాల్లోపు. కాబట్టి 108కు ఫోన్ చేయించి, దగ్గరి ఆసుపత్రిలో తీసిన ఈసీజీని వాట్సాప్‌లో తెప్పించుకుని, ఆ కాగితంపై అచ్చయిన సమయాన్ని రాసి పెట్టుకోండి. తర్వాతి లెక్కంతా దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈసీజీ గీతలో ఎస్‌టీ అని పిలిచే భాగం పైకి లేచి ఉంటే గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటుందని డాక్టర్లు భావిస్తారు. నిర్ధారణ అయిన 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకున్న నాళాన్ని సన్నని గొట్టం, బెలూన్‌తో తెరవడం) జరిగే వీలుంటే క్యాథ్ ల్యాబ్ (ఆ చికిత్స చేసే గది) ఉన్న ఆసుపత్రికి పంపాలని, ఆ వీలు లేక, నొప్పి మొదలై 12 గంటలు దాటకుండా ఉంటే, ఉన్నచోటే నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలని నియమం. నెల్లూరు నుంచి చెన్నైకి దారిలోనే మూడు గంటలు పోతాయి గనుక, దగ్గరలో క్యాథ్ ల్యాబ్ లేకపోతే టెనెక్టెప్లేస్ అనే ఆ ఇంజెక్షన్ వేయించుకుని బయలుదేరడమే సరైన పని. "చెన్నైలో పెద్ద డాక్టరు చూస్తారులే, ఇక్కడ సూది ఎందుకు" అంటూ సంతకానికి వెనకాడే బంధువుల వల్ల పోయే సమయం ట్రాఫిక్‌లో పోయే సమయానికి తీసిపోదు. అయితే ఇదివరకు మెదడులో రక్తస్రావం జరిగినవారికి ఆ ఇంజెక్షన్ ఇవ్వరు. ఆ సంగతినీ, రక్తం పలుచబరిచే మందులేవైనా వాడుతుంటే వాటి పేర్లనూ డాక్టరు అడగకముందే చెప్పాలి. వయసు 75 దాటినవారికి సగం మోతాదు ఇవ్వడం వాడుకలో ఉంది.

ఇంజెక్షన్ పడగానే పని అయిపోయిందనుకుని అక్కడే ఉండిపోకూడదు. 60 నుంచి 90 నిమిషాల తర్వాత తీసే ఈసీజీలో ఎస్‌టీ ఎత్తు సగమైనా తగ్గకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ చేయాలి, తగ్గితే 2 నుంచి 24 గంటల మధ్య యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లో అడ్డంకులను చూపే ఎక్స్‌రే పరీక్ష) తీయాలి. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను క్యాథ్ ల్యాబ్ ఉన్నవాటితో జతచేసి నడిపిన టీఎన్-స్టెమీ పథకం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఆ ఏర్పాటు తర్వాత యాంజియోగ్రామ్ దాకా వెళ్లినవారు పెరిగారు, ఏడాదిలోపు మరణాలు తగ్గాయి.

చెన్నై చేరాక "ఆక్సిజన్ కూడా పెట్టలేదు" అని కోపగించుకునేవారు చాలామంది. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గితేనే పెట్టాలన్నది ఇప్పటి నియమం. అలాగే బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న రోగికి మూడు నాళాల్లో అడ్డంకులున్నా, పోటుకు కారణమైన ఒక్కదాన్నే ముందు తెరుస్తారు. మిగతావాటి సంగతి ఎప్పుడు చూస్తారో రోగి కుదుటపడ్డాక అడగండి.