పుస్తకం పట్టుకుని ఫోటోగ్రఫీ నేర్చుకోవడం ఎలా?

ఫోటోగ్రఫీ నేర్పే మంచి పుస్తకాల్లో చాలావరకు చలిదేశాల్లో పుట్టినవే. అక్కడ మధ్యాహ్నపు ఎండ కూడా వాలుగా పడుతుంది, కుళాయి నీళ్లు చల్లగా వస్తాయి. వరంగల్‌లో మే నెల మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మేడమీది ట్యాంకు నీళ్లు కాగిపోతాయి. అందుకే పుస్తకంలోని అంకెను కంఠతా పట్టి లాభం లేదు. ఆ అంకె ఎందుకు వచ్చిందో తెలుసుకుని, మన ఊరి వెలుతురులో తూచి చూసుకోవాలి.

ముందు పుస్తకం ఎంచుకోండి

మధ్యలో ఏదో ఒక పేజీ తెరవండి. ఫోటో కింద ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం), షట్టర్ వేగం (వెలుతురు లోపలికి వచ్చే సమయం), లెన్స్ వివరాలతో పాటు వెలుతురు ఏ వైపు నుంచి వచ్చిందో రాసి ఉంటే అది నేర్పే పుస్తకం. పాతదని పక్కన పెట్టకండి. కెమెరా మెనూల గురించి రాసినవి కొన్నేళ్లకే పనికిరాకుండా పోతాయి. ఎక్స్‌పోజర్ గురించి, అంటే ఫోటోకు ఎంత వెలుతురు అందాలన్న లెక్క గురించి, యాభై ఏళ్ల కిందట రాసిన మాట ఇవాళా నిజమే.

ఒక అధ్యాయం, ఒక ప్రయోగం

మొదటిసారి కెమెరా లేకుండా చదవండి. రెండోసారి కెమెరా చేతిలో పెట్టుకుని, ప్రతి లెక్క దగ్గరా ఆగి, చేసి చూస్తూ చదవండి. ఉదాహరణకు, నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్16 పెట్టి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), వెలుతురుకు స్పందించే గుణాన్ని చెప్పే ఐఎస్ఓ 100 అయితే షట్టర్ సెకనులో వందో వంతు దగ్గర ఉంచమని పుస్తకాలు చెబుతాయి. వరంగల్ కోటలోని కీర్తితోరణాన్ని అలా తీయండి. ముసురు పట్టిన రోజున భద్రకాళి చెరువు గట్టున ఎఫ్5.6తో మొదలుపెట్టండి. పేజీ సంఖ్య, వేళ, మబ్బు, అంకెలు, ఫలితం నోటుబుక్కులో రాయండి. ఫోనులో సాధారణంగా ఎపర్చర్ మారదు కాబట్టి షట్టర్, ఐఎస్ఓలతో సరిచేసుకోవాలి.

నల్లరాయి, తెల్లపత్తి

నన్ను అడిగితే, ఎక్స్‌పోజర్ పాఠానికి మన ప్రాంతాన్ని మించిన బడి లేదు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తన ముందున్నది ఏదైనా నడిమి బూడిద రంగుదే అనుకుని లెక్క కడుతుంది. పుస్తకాలు దీన్ని మంచుతో, నల్లకోటుతో వివరిస్తాయి. మనకు రామప్ప ఉంది. 1213 నాటి ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) ఉన్నాయి. స్పాట్ మీటరును (ఒక్క చిన్న చోటినే కొలిచే మీటరును) ఒక మదనిక మీద పెట్టి, మీటరు చెప్పినట్టే తీయండి. నిగనిగలాడే నల్లరాయి బూడిద పూసినట్టు వస్తుంది. తర్వాత ఒక స్టాప్, ఆపై రెండు స్టాపులు తగ్గించి తీయండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). రాయి తన నలుపును ఎక్కడ తిరిగి తెచ్చుకుందో కంటికే తెలుస్తుంది. నడిమధ్యాహ్నం చూరు నీడ బొమ్మల మీద పడుతుంది, గుడి తూర్పుముఖం కాబట్టి ముందువైపు శిల్పాలకు ఉదయమే వెళ్లండి.

పత్తి కాలంలో ఏనుమాముల మార్కెట్‌కు వెళితే దీనికి తిరగేసిన పాఠం దొరుకుతుంది. రైతును అడిగి, పత్తి కుప్పను ఫ్రేము నిండా పట్టి తీయండి. మీటరు మాట వింటే పత్తి మాసిపోయినట్టు వస్తుంది. ఇక్కడ ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచాలి. నల్లదానికి తగ్గించడం, తెల్లదానికి పెంచడం చదివినప్పుడు వింతగా తోస్తుంది. ఈ రెండు చోట్లా చేశాక ఇక మరచిపోరు.

ఫిల్ము కడిగేవారికి

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు పుస్తకాల్లో ఇచ్చే నిమిషాలు సాధారణంగా 20 డిగ్రీల డెవలపర్‌కు (ఫిల్ము మీద బొమ్మను బయటపెట్టే రసాయనానికి) లెక్కగట్టినవి. ఎండాకాలంలో డెవలపర్ సీసాను ఐసు నీళ్లలో నిలబెట్టి, థర్మామీటరు చూశాకే మొదలుపెట్టండి.

ఎండతో ప్రింటు

చీకటి గది లేకుండా ఇంట్లోనే చేయగల, నీలిరంగు బొమ్మలు ఇచ్చే ప్రక్రియ సయనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఆకుపచ్చ ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు మరో 100 మిల్లీలీటర్లలో విడివిడిగా కరిగించండి. గ్లౌజులు తప్పనిసరి. వంటపాత్రలు వాడకండి, పిల్లలకు అందనివ్వకండి, ఫెర్రిసయనైడ్‌ను వేడి చేయకండి, గాఢ ఆమ్లాలతో కలపకండి.

మసక బల్బు కింద రెండింటినీ సమపాళ్లలో కలిపి, మందమైన డ్రాయింగు కాగితానికి బ్రష్షుతో పూసి, చీకట్లో ఆరబెట్టండి. దాని మీద తంగేడు రెమ్మో గునుగు పువ్వో పరచి, పైన గాజుపలక పెట్టి ఎండలో ఉంచండి. పుస్తకం చెప్పిన సమయాన్ని ఇక్కడ నమ్మకండి. ఒకే కాగితాన్ని ముక్కలు చేసి 3, 6, 9, 12 నిమిషాలు ఉంచి పోల్చుకోండి. పూత తాలూకు పసుపు రంగు పూర్తిగా పోయేవరకు కాగితాన్ని నీటిలో కడగాలి. నా మొదటి ప్రింటు బోరు నీళ్లలో వెలిసిపోయింది. క్షారం ఈ నీలానికి పడదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మీ నీళ్లూ అలాంటివైతే కొన్ని చుక్కల నిమ్మరసం కలపండి.

ఒకరోజు ఆరాక నీలం ముదురుతుంది. మీ నిమిషాలు నోటుబుక్కులో రాసి, ప్రింటును ఎండ తగలని గోడకు తగిలించండి. ఎప్పుడైనా వెలిస్తే కొన్నాళ్లు చీకట్లో ఉంచండి, రంగు చాలావరకు తిరిగి వస్తుంది.