వేడినీళ్ల వాషర్ వేడెక్కకపోతే పొగగొట్టం చూడండి

మిర్యాలగూడ మిల్లులకు తిరిగే లారీల అడుగున పట్టిన గ్రీజు చన్నీళ్లకు ఊడదు. ఆ పనికని పెట్టుకున్న ప్రెషర్ వాషర్‌లో నీళ్లు వేడిచేసే డీజిల్ బర్నర్ అంటుకోకపోతే పనంతా ఆగిపోతుంది. మెకానిక్‌కు ఫోన్ చేసేముందు ఇదొక్కటి చూడండి.

థర్మోస్టాట్ 60 డిగ్రీల మీద పెట్టి, గన్ ట్రిగ్గర్ 15-20 సెకన్లు నొక్కి పట్టండి. నీళ్లు పారకుండా బర్నర్ వెలగదు. పొగగొట్టాన్ని కాస్త దూరం నుంచి గమనించండి.

డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తే డీజిల్ అందుతోంది, స్పార్కే లేదు. కరెంటు తీసేసి, చల్లారాక స్పార్క్ పుట్టించే ఎలక్ట్రోడ్ల మసి తుడవండి. కొనల మధ్య ఎడం మామూలుగా 3-4 మి.మీ. ఉంటుంది, మిషన్ పుస్తకంలో ఉన్న కొలతే పాటించండి. ఎలక్ట్రోడ్ల చుట్టూ ఉన్న పింగాణీ పగిలి ఉంటే మార్చాల్సిందే.

బర్నర్ ఫ్యాన్ తిరుగుతున్నా పొగ లేదంటే డీజిల్ అందట్లేదు. ఫిల్టర్‌లోని డీజిల్‌ను గాజుసీసాలో వంపి పది నిమిషాలు ఉంచండి. అడుగున నీటి పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చండి. వానాకాలం డబ్బాల్లో నిల్వ చేసిన డీజిల్‌తో ఈ బాధ ఎక్కువ. బర్నర్‌లో డీజిల్ చిమ్మే నాజిల్‌ను మాత్రం పిన్నీసుతో పొడవకండి, రంధ్రం పాడైతే మంట మసిబారుతుంది. కొత్తది వేయడమే చవక.

ఫ్యాన్ కూడా తిరగకపోతే ఈ పద్ధతి పనికిరాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తెల్లపొగ వస్తుంటే మళ్లీ మళ్లీ ట్రిగ్గర్ నొక్కొద్దు. లోపల చేరిన డీజిల్ ఒక్కసారిగా భగ్గుమంటుంది.