మృగశిర రాకముందే తేనెపెట్టెలు సర్దుకోవాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వానాకాలంలో పెట్టెలు ఖాళీ అవుతాయంటే తప్పు వానది కాదు, ఆకలిది. జీడిమామిడి, కానుగ పూతలు మే నెలతో సరి. మళ్లీ తేనె గట్టిగా దొరికేది కొండవాలుల్లో వలిసె పూశాకే. ఈలోగా తిండి లేకపోతే పుట్టతేనెటీగ పెట్టెను అంటిపెట్టుకుని ఉండదు, లేచిపోతుంది. అందుకే పెట్టెలు సర్దే పనులు రోహిణి కార్తె దాటకుండా తెమలాలి.

ఆఖరి తేనె తీత మే మధ్యకల్లా ఆపేయండి. పై గది తేనె తప్ప కింద పిల్లలు పెరిగే గదిలో, పట్టు కట్టే చట్రాల అంచున ఉన్నది ముట్టుకోకండి. వానల్లో వాటి కూడు అదే. ముప్పాతిక అరలకైనా మైనం మూత పడని చట్రాన్ని తియ్యొద్దు. తేమ 20 శాతం దాటితే తేనె సీసాలో పులిసి పొంగుతుంది.

అసలు పని ఇప్పుడుంది. ఈగలు కప్పని చట్రాలన్నీ బయటికి తీయాలి. మైనపు పురుగు తల్లి రాత్రిళ్లు చెక్క పగుళ్లలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పాత నల్ల తేనెపట్టులోకి తొలుచుకుపోయి గూడు అల్లేస్తాయి. ఈగలు ఒత్తుగా ఉన్న పట్టు మీద మాత్రం వాటి ఆటలు సాగవు. ఆరు చట్రాలుండి ఈగలు నాలుగింటికే సరిపోతే నాలుగే ఉంచి, పక్కన పలక అడ్డం పెట్టి గదిని ఇరుకు చేయండి. తీసిన వాటిలో మంచి పట్లను ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచి, ఆరబెట్టి, గాలి చొరని సంచిలో కట్టేయాలి. ఫ్రీజర్ లేనివాళ్లు మూసిన పెట్టెలో గంధకం పొగ పట్టిస్తారు. అది గుడ్లను చంపదు కాబట్టి రెండు వారాలకు మరోసారి పట్టించాలి. కలరా ఉండలు వద్దేవద్దు, ఆ వాసన మైనంలోకి ఇంకిపోతుంది.

నల్లబడ్డ పట్లను దాచి లాభం లేదు, కరిగించేయండి. గోనెగుడ్డలో మూటకట్టి వేడినీళ్లలో ముంచి అదిమితే మైనం పైకి తేలుతుంది, మడ్డి మూటలోనే ఉండిపోతుంది. 62–64 డిగ్రీలకే కరిగే సరుకు ఇది. నీళ్లు లేకుండా నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. ఇనుప గిన్నెలో రంగు చెడుతుంది.

వానలు పట్టాక పెట్టెకు వారానికి 200 గ్రాముల పంచదార, అంతే బరువు నీళ్లు. కాచి దించిన నీళ్లలో కలిపితే చాలు, పాకం పట్టొద్దు. బెల్లం పోస్తే ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. పొద్దుగూకాక, అన్ని పెట్టెలకూ ఒకే రోజు, లోపలే పెట్టి, ఈగలు మునిగిపోకుండా పుల్లలు వేయండి. బయట నాలుగు చుక్కలు ఒలికినా బలమైన గుంపు బలహీనమైనదాన్ని దోచేస్తుంది.

స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు అందరూ పెడతారు. కానీ ఒక్క గడ్డిపరక పెట్టెకు తగిలినా చీమలకు అదే వంతెన. ద్వారం వైపు కాస్త వాలుగా ఉంచితే లోపల నీరు నిలవదు. పది రోజులకోసారి, వాన తెరిపిచ్చి ఎండ కాసిన పూట తెరిచి అడుగు పలక తుడిచి, గబగబా మూసేయాలి.

రాయగడ వైపు పత్తిచేలు దగ్గరుంటే మందు కొట్టే రోజు ముందుగా కనుక్కోండి. ముందురోజు చీకటి పడ్డాక ద్వారానికి వలజాలీ కట్టి, గాలి ఆడేలా చూసి, ఒక్కరోజు మాత్రమే మూసి ఉంచండి.

వలిసె పూత, తుఫాను ఒకేసారి రావచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. హెచ్చరిక రాగానే పెట్టెలను చెట్ల కింద నుంచి జరిపి, మూతనూ గదులనూ స్టాండునూ కలిపి తాడుతో బిగించండి. మూత మీద రాయి పెడితే ఆ గాలికి ఆగదు.