పొగమంచులో విజయవాడ–గుంటూరు ప్రయాణం: సమస్యలు, పరిష్కారాలు

కాశ్మీరులోలాగా మన రోడ్ల మీద మంచు గడ్డకట్టదు. మన మంచు గాల్లోనే ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉంటే నేల తొందరగా చల్లబడుతుంది. కృష్ణమ్మ, కాలువలు, పొలాల తేమంతా తెల్లారేసరికి పొగమంచై కూర్చుంటుంది. వారధి దాటాక తాడేపల్లి, మంగళగిరి, కాజ అన్నీ ఒకే తెల్లగోడ. పొద్దున ఆరింటికి ఆ దారిన పోయేవాణ్ణి కాబట్టి, నాకు ఎదురైనవి చెప్తాను.

హైబీమ్ వేసినా ముందేమీ కనపడట్లేదు

వేశారు కాబట్టే కనపడట్లేదు. గాల్లోని నీటి తుంపరలు ఆ వెలుగుని మన కళ్లలోకే తిప్పికొడతాయి. డిమ్‌లో పెట్టండి. ఫాగ్ ల్యాంపులుంటే వేయండి. అవి బంపర్ కింద ఉంటాయి కాబట్టి రోడ్డంచు గీత కనపడుతుంది. ఆ గీతే మీ దారి.

అద్దం మసకబారింది, వైపర్‌తో పోవట్లేదు

లోపలి వైపు వేలితో గీత గీయండి. గీత పడితే ఆ తేమ మన ఊపిరిదే. ఏసీ వేసి, నాబ్‌ని వేడి వైపు తిప్పి, గాలిని ముందద్దం మీదికి మళ్లించండి. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ తీసేయండి. చలికాలంలో ఏసీ ఏంటని మా ఇంట్లో నవ్వారు గానీ, గాల్లో తేమని లాగేసేది అదే. గీత పడకపోతే తేమ బయటుంది, వైపర్ చాలు. చారలు మిగిలితే బ్లేడు మార్చాలి. బైకు వాళ్లు హెల్మెట్ వైజర్‌ని వేలెడంత ఎత్తి ఉంచండి.

బ్రేక్ వేసేలోపే ముందు బండి మీదికి వచ్చేసింది

అసలు ప్రమాదం ఇదే. పక్కన చెట్లూ బోర్డులూ కనపడకపోతే ఎంత స్పీడులో పోతున్నామో ఒంటికి తెలియదు. మీటరు చూడాల్సిందే. గంటకు 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. కనపడేది 30 మీటర్లే అయితే రెండు సెకన్లు కూడా చేతిలో లేవు. అందులో ఒక సెకను కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికే సరి. అలాంటప్పుడు స్పీడు గంటకు 30 దాటొద్దు.

ఒకసారి పెదకాకాని దగ్గర అద్దం కాస్త దించుకుని పోతున్నాను. ముందు గడ్డి వాసన వచ్చింది. తర్వాత కనిపించింది ట్రాక్టరు ట్రక్కు, వెనక ఒక్క లైటూ లేదు, రిఫ్లెక్టర్ మీద బురద. ఆ రోజు 30లో ఉన్నాను కాబట్టి బతికిపోయాను. అప్పట్నుంచి పొగమంచులో పాటలు బంద్, అద్దం కాస్త కిందికి.

బైకు ముందు చక్రం జారింది

రాత్రి మంచుకి దుమ్మూ ఆయిలూ కలిసి పల్చటి జిగురవుతుంది. జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెన మీది ఇనుప జాయింట్ల మీద బండి వంచొద్దు, బ్రేక్ గట్టిగా పట్టొద్దు.

వాకింగ్‌లో బండ్లు మరీ దగ్గరగా వస్తున్నాయి

తెల్ల చొక్కా చీకట్లో మేలే గానీ మంచులో కలిసిపోతుంది. నారింజో, పసుపో వేసుకోండి. ఫుట్‌పాత్ లేకపోతే ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడివైపు నడవండి.

ఇక ముందుకు పోలేం అనిపిస్తే

రోడ్డు పక్కన ఆపొద్దు. మీ వెనక లైటే దారనుకుని వచ్చి గుద్దేవాళ్లుంటారు. పెట్రోల్ బంకులోకో, హోటల్ ఆవరణలోకో తిప్పేయండి. నాలుగు ఇండికేటర్లూ బండి ఆగినప్పుడే. కదులుతూ వేస్తే ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకి తెలియదు. ఎండెక్కితే మంచు విడిపోతుంది. ఈలోగా ఒక టీ.